ఓటు లేనివాళ్ల జాగారం

మా అమ్మాయి ఇంట్లో మొత్తం ఐదుగురం. అల్లుడుగారిది హెచ్1, అమ్మాయిది హెచ్4, నాదీ మా ఆవిడదీ బీ2. వింటే డాక్టరు రాసిచ్చిన విటమిన్ల చీటీలా ఉంటుంది గానీ, ఇవన్నీ వీసాలు. వీటిలో ఏ ఒక్కదానికీ ఓటు లేదు. ఐదోవాడు మా మనవడు. ఇక్కడే పుట్టాడు కాబట్టి అచ్చమైన అమెరికా పౌరుడు. కాకపోతే వయసు ఎనిమిదేళ్లు. అంచేత 2024 నవంబరు 5న జరిగిన అధ్యక్ష ఎన్నికలో మా గడప నుంచి పడిన ఓట్లు సరిగ్గా సున్నా. ఆ రాత్రి వీధి మొత్తం మీద తెల్లారేదాకా లైటు వెలిగిన ఇల్లు మాత్రం మాదొక్కటే.

మేముంటున్నది పెన్సిల్వేనియా రాష్ట్రం, ఫిలడెల్ఫియా శివార్లలోని బక్స్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. కాలిఫోర్నియా ఏ పార్టీదో, టెక్సాస్ ఏ పార్టీదో ఇక్కడ పుట్టుమచ్చల్లా ముందే తెలిసిపోతుంది. ఎటు ఒరుగుతాయో తెలియనివి ఆ ఎన్నికలో ఏడే ఏడు రాష్ట్రాలు. వాటిలో 19 ఎలక్టోరల్ ఓట్లతో పెద్దన్న పెన్సిల్వేనియా. దాంతో రెండు పార్టీలూ డబ్బు సంచులు తెచ్చి ఇక్కడే కుమ్మరించాయి. మన వైపు సంచులు కావు లెండి, ఇంటికొచ్చి ఎవరూ కవరు చేతిలో పెట్టరు. టీవీ ప్రకటనలకి పోస్తారు. అభ్యర్థి ఇచ్చే ప్రతి ప్రకటనలోనూ తన నోటితో ‘ఐ అప్రూవ్ దిస్ మెసేజ్’ అనాలట. జూన్‌లో దిగిన దగ్గర్నుంచి రోజుకి ఇరవైసార్లు విని మా ఆవిడకి ఆ ముక్క నోటికొచ్చేసింది. పప్పుచారులో ఉప్పు చూసి కూడా అదే మాట.

టీవీతో ఆగరు. పోస్టులో దళసరి రంగుల కాగితాలు పంపిస్తారు, ఒకదాని మీద ఒకాయన దేవుడు, ఇంకోదాని మీద ఆయనే దెయ్యం. అవన్నీ ఈ ఇల్లు మా అల్లుడుగారికి అమ్మేసి వెళ్లిపోయిన పాత యజమాని పేరున వస్తున్నాయి. మా ఆవిడ వాటిని పారెయ్యలేదు. వంటింటి అరల్లో పరిచి, మీద ఆవకాయ, మాగాయ జాడీలు పెట్టింది. రెండు పార్టీలకీ సమానంగా నూనె మరకలు పడ్డాయి.

అక్టోబరు 20న రిపబ్లికన్ అభ్యర్థి ట్రంప్ గారు మా కౌంటీలోని ఫీస్టర్‌విల్‌లో మెక్‌డొనాల్డ్స్ కొట్టుకొచ్చి, ఏప్రన్ కట్టుకుని, బంగాళాదుంప ముక్కలు వేయించి వెళ్లారు. ఓట్ల కోసం దోసెలు వేసిన నాయకుల్ని, ఇస్త్రీ చేసిన నాయకుల్ని ఎంతమందిని చూడలేదు మనం! మా ఆవిడ టీవీలో ఆ దృశ్యం చూసి తీర్పు ఇచ్చేసింది: “నూనె సరిగ్గా వార్చలేదండీ.”

ఇక మా వీధి. పక్కింటావిడ రిటైరైన బడి టీచరు. ఆవిడ గడ్డిలో డెమోక్రాట్ల అభ్యర్థి కమలా హారిస్ బోర్డు. ఆ పక్కింటాయన రిటైరైన ప్లంబరు. నెత్తిన ఎర్రటోపీ, గడ్డిలో ట్రంప్ బోర్డు. రెండు బోర్డులకీ మధ్య పది గజాలు. మన వైపైతే ఈపాటికి సగం ఊరు సర్కారు ఆసుపత్రిలో ఉండేది. వీళ్లు మాత్రం బోర్డుల గురించి ఒక్క ముక్క మాట్లాడుకోరు. వాళ్ల అసలు గొడవ వేరే. ఆయన ఓక్ చెట్టు ఆకులు గాలికి ఆవిడ గడ్డిలో రాలతాయి. మూడేళ్లుగా ఆకుల పంచాయితీ నడుస్తోంది.

పోలింగు మంగళవారం అనేసరికి నాకు మనసొప్పలేదు. గోళ్లు తీసుకోవడానికే పనికిరాని రోజున దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకోవడమేమిటి? అల్లుడుగారు చెప్పారు, ఇది 1845 నాటి చట్టమట. అప్పట్లో అందరూ రైతులు. ఆదివారం చర్చి, బుధవారం సంత, గుర్రబ్బండి మీద ఓటేసే ఊరికి చేరడానికి ఒక రోజు. లెక్కవేస్తే మంగళవారం తేలింది. గుర్రాలు పోయాయి, సంతలు పోయాయి, మంగళవారం మిగిలింది. ఆచారం అంటే మన ఒక్కళ్లకే ఉందనుకున్నాను.

దానికి తోడు ఆ రోజు కార్తీక శుద్ధ చవితి. నాగుల చవితి! మా ఆవిడ తణుకు నుంచి పెట్టెలో పెట్టుకొచ్చిన గంటల పంచాంగం క్యాలెండరు తీసి వేలితో పొడిచి చూపించింది. “పుట్టలో పాలు పొయ్యాలండీ.”

పెన్సిల్వేనియాలో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? వెతగ్గా వెతగ్గా మా పెరట్లో షెడ్డు వెనకాల ఓ బొరియ కనబడింది. అందులో కాపురముండేది పాము కాదు, గ్రౌండ్‌హాగ్. పందికొక్కుకి పెదనాన్నలా బొద్దుగా ఉంటుంది.

“అత్తయ్యగారూ, అది పాము కాదండీ,” అన్నారు అల్లుడుగారు నీళ్లు నములుతూ. “ఈ రాష్ట్రంలోనే పంక్సటానీ అని ఓ ఊరుంది. అక్కడ ఏటా ఫిబ్రవరి 2న ఇలాంటి జంతువునే బయటికి తీసి, చలికాలం ఇంకెన్నాళ్లుంటుందో జోస్యం అడుగుతారు. 1887 నుంచీ అదో పండగ.”

ఆయన ఆపడానికి చెప్పారు. మా ఆవిడకి అదే ఆధారమైంది. “జోస్యం చెబుతుందా? ఏటా మొక్కుతారా? అయితే వీళ్ల నాగేంద్రుడు ఇదే,” అని పాలు, చలిమిడి, చిమ్మిలి, రెండు కోడిగుడ్లు పట్టుకుని బయల్దేరింది.

సరిగ్గా ఆవిడ గుడ్లు బొరియలో జార్చే వేళకి ఎర్రటోపీ ఆయన కుక్కని తిప్పుతూ అటు వచ్చాడు. ఆగిపోయాడు. పాలు పోసినప్పుడు ఊరుకున్నాడు, గుడ్లు చూసి మాత్రం తట్టుకోలేకపోయాడు. “గుడ్లా! ఇంత రేటులో! వీటి ధర దిగాలనే నేను ఓటెయ్యడానికి పోతుంటే, మీరు కన్నంలో పడేస్తున్నారా?” అని వాపోయాడు. ఇంతలో పక్కింటావిడ కిటికీ తెరిచి, “అది ప్రార్థన అయితే ఇవాళ దేశం కోసం కూడా ఓ మాట వేయండి,” అంది. నేను తర్జుమా చేశాను. మా ఆవిడ దండం పెడుతూనే తలూపింది. ఏ పార్టీ తరఫున తలూపిందో నాకూ తెలియదు. తర్వాత బొరియ దగ్గర మట్టి తీసుకొచ్చి, పుట్టమన్నులాగే ఇంటిల్లిపాది చెవులకీ పూసింది. అల్లుడుగారు ఆ చెవులతోనే ఆఫీసు వీడియో మీటింగులో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదట. ఆ రోజు అందరి మొహాలూ ఏదో ఒకటి పూసుకున్నట్టే ఉన్నాయట.

రాత్రి ఎనిమిదికి మా రాష్ట్రంలో పోలింగు ముగిసింది. మేం ఫలహారాలు ముగించుకుని సోఫాల్లో సర్దుకున్నాం. శివరాత్రి జాగారానికి కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ కూర్చోలేదు. టీవీలో ఒకాయన ఇంత పొడుగు దేశపటం ముందు నిలబడి, జిల్లా మీద వేలు పెట్టి పెద్దది చేస్తాడు, చిన్నది చేస్తాడు, ఎర్రగా చేస్తాడు, నీలంగా చేస్తాడు. “వీడికి సెల్లు ఇచ్చి కూర్చోబెట్టింది ఎవరు?” అంది మా ఆవిడ, మనవణ్ణి కసిరే గొంతుతో.

ఆవిడకి లెక్క నేర్పడం నా వంతు. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లు, 270 వచ్చినవాడు గెలిచినట్టు. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా దాదాపు అన్నిచోట్లా ఆ రాష్ట్రం మొత్తం వాడిదే. అలా 2016లో హిల్లరీ క్లింటన్ గారికి దేశమంతా కలిపి 28 లక్షలకి పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారు. మా ఆవిడ చాలాసేపు ఆలోచించింది. “అంటే మా అన్నయ్య డిగ్రీ లాంటిదన్నమాట. మొత్తం మార్కులు ఎక్కువే, ఇంగ్లీషులో పోయాడు.” ఇంతకంటే బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేడు.

ఆ డిగ్రీ పోయిన బావమరిదే తణుకు నుంచి మొదటి ఫోను. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ పొద్దున్న ఆరున్నర. కాఫీ చప్పరిస్తున్న చప్పుడు వినబడుతోంది.

“బావా, మన అమ్మాయి ఎలా ఉందక్కడ?”

“లోపల పకోడీలు వేస్తోంది.”

“మీ అమ్మాయి కాదు బావా! మన అమ్మాయి. ఉష!”

అప్పుడు వెలిగింది. ట్రంప్ పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ వాన్స్ గారి భార్య చిలుకూరి ఉష. ఆమె పూర్వీకుల ఊరు తణుకు పక్కనున్న వడ్లూరు. ఆమె పుట్టింది శాన్ డియాగోలో, చదివింది యేల్‌లో. అయితేనేం? మా బావమరిది ఒకప్పుడు వడ్లూరులో ధాన్యం కొన్నాడు. ఆ లెక్కన చుట్టరికం కలిసిపోయింది. అక్కడి గుడిలో పూజలు కూడా చేశారట. అటు తమిళనాడులో కమలా హారిస్ గారి తాతగారి ఊరు తులసేంద్రపురంలో ఆవిడ పేరు మీద పూజలు. ఇది గోదావరి డెల్టాకీ కావేరి డెల్టాకీ పోటీ అని మా వాడు తేల్చేశాడు. నడుమ అమెరికా ఊరికే వేదిక ఇచ్చిందంతే.

పది దాటాక ఎర్రటోపీ ఆయన ఇంట్లో లైటు ఆరిపోయింది. ఇంకో పావుగంటకి పక్కింటావిడదీ ఆరింది. ఓట్లు వేసినవాళ్లు నిద్రపోయారు. ఓటు లేని మేం మూడో విడత టీ పెట్టుకున్నాం.

అర్ధరాత్రి దాటింది. జార్జియా ట్రంప్ గారి ఖాతాలోకి పోయింది, అల్లుడుగారు గోళ్లు కొరకడం మొదలెట్టారు. మంగళవారం వెళ్లిపోయింది కదా అని నేనూ అభ్యంతరం చెప్పలేదు. రెండున్నర ప్రాంతంలో ట్రంప్ గారు ఫ్లోరిడాలో వేదికెక్కి మాట్లాడుతూ వాన్స్ దంపతుల్ని పిలిచి, ఉష గారిని మెచ్చుకున్నారు. ఫోను మోగకముందే ఎవరో నాకు తెలుసు.

“చూశావా బావా! మన పిల్ల! ట్రంప్ నోట మన వడ్లూరు పిల్ల పేరు!”

తెల్లవారుజామున ఐదున్నరకి ట్రంప్ గారు గెలిచినట్టు తేలింది. ఈసారి నేనే ఫోను చేశాను. “ఒరేయ్, అయిపోయింది. ఇప్పుడే ఏపీ ప్రకటించింది.”

అటు నుంచి రెండు క్షణాలు నిశ్శబ్దం. “మన ఏపీయా? మనకి చెప్పే హక్కు ఎప్పుడొచ్చింది బావా?”

“ఏపీ అంటే అసోసియేటెడ్ ప్రెస్సురా. వార్తాసంస్థ. మనలా దేశం మొత్తానికీ ఫలితం చెప్పే ఎన్నికల సంఘం వీళ్లకి లేదు. 1848 నుంచీ ఈ సంస్థే లెక్కగట్టి, ఫలానావారు గెలిచారు అంటుంది.”

“పేపరోడు చెబితే గెలిచినట్టా! ఆయ్, మన దగ్గర పేపరోళ్లు గెలుస్తాడన్నవాడు డిపాజిట్టు తెచ్చుకుంటే గొప్ప.” కాసేపాగి, “అయినా మన ఏపీ కూడా ప్రకటించింది బావా. ఉష గారి గురించి ఇక్కడంతా ఒకటే మాట,” అని సంతృప్తిపడ్డాడు. ఆ నోటితోనే రూపాయి డాలరుకి 84 దాటి ఎన్నడూ లేనంత అడుక్కి దిగిందనీ, సెన్సెక్స్ మాత్రం 900 పాయింట్లు ఎగిరిందనీ, కూతురు పంపే డాలర్ల మీద లాభమే కాబట్టి నేను బాధపడక్కర్లేదనీ చెప్పాడు. మా ఆవిడ ఫోను లాక్కుని ఒకటే ప్రశ్న: “బంగారం?” ప్రపంచ బజారులో తగ్గింది. ఆవిడకి ఎన్నికల మీద అప్పుడు కలిగింది నమ్మకం.

మా ఇంట్లో తెల్లారడం మాత్రం అంత హుషారుగా లేదు. అల్లుడుగారు గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెట్టింది 2018లో. ఏ దేశానికైనా ఏడాదికి నూటికి ఏడుకు మించి ఇవ్వకూడదని నిబంధన. ఆయన వరుసలో అప్పటికి 2012లో పెట్టుకున్నవాళ్లని పిలుస్తున్నారు. రేషను కొట్టు దగ్గర నిలబడ్డవాడికి డీలరు మారాడని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం. కొత్త డీలరు తలుపు తెరుస్తాడో, వరుసంతా ఇంటికి పొమ్మంటాడో. “కిందటి జూన్‌లో ట్రంప్ ఓ ఇంటర్వ్యూలో, కాలేజీ పట్టాతోపాటే గ్రీన్‌కార్డు ఇచ్చేయాలని అన్నాడు మావయ్యగారూ,” అన్నారు, తనకి తాను చెప్పుకున్నట్టు. ఎన్నికల ముందు మాట పట్టుకుని వేలాడటం తెలుగువాడికి కొత్తేమీ కాదు గనక నేనూ అవునన్నాను.

అమ్మాయి మాట్లాడలేదు. హెచ్4 వాళ్లలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి 2015లో వచ్చింది. ట్రంప్ గారు కిందటిసారి అధికారంలో ఉన్నప్పుడు దాన్ని తీసేస్తామన్నారు, తియ్యలేదు. ఆ నాలుగేళ్లూ అది రోజూ పొద్దున్నే అదే వార్త వెతుక్కుంటూ లేచేది. ఆ పొద్దున కూడా పొయ్యి మీద పోపు పెట్టి ఫోను చూస్తూ నిలబడింది. ఆవాలు మాడిన వాసన వచ్చాక గానీ తిరిగి చూడలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా బాండీ కడిగి మళ్లీ పోపు పెట్టింది.

తొమ్మిదింటికి నేను పార్కు బెంచీకి పోయాను. మాలాగ పిల్లల్ని చూడ్డానికొచ్చిన తెలుగు తండ్రులం నలుగురం అక్కడ రోజూ సభ తీరుస్తాం. మా నలుగురిలో ఎవరికీ ఓటు లేదు. నలుగురి కళ్లూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఏమైతదో ఏందో సారూ,” అన్నారు వరంగల్ ఆయన. “మా బిడ్డ ఎమ్మెస్ అయిపోవస్తున్నది. చదువైనంక కొలువు చేసుకోనిచ్చే ఓపీటీ ఉంటదా, తీస్తరా?”

“2016లోనూ ఇదే బెంచీ మీద ఇట్నే కూర్చున్నాం,” అన్నారు నెల్లూరాయన. ఇది ఆయనకి ఐదో రాక. “అప్పుడూ నిద్ర మానుకున్నాం. ఏమొచ్చింది? బీపీ వచ్చింది.”

వరంగల్ ఆయనకి ఏదో గుర్తొచ్చింది. “మా దిక్కు జనగామ దగ్గర కొన్నె అని ఊరుంది. అక్కడ ఒక రైతు ట్రంప్‌కి ఆరడుగుల విగ్రహం పెట్టి, రోజూ పూజ చేసేటోడు. పాపం, నాలుగేండ్ల కింద పోయిండు. ఆయనకేం ఓటున్నదా ఈడ?”

అందరి చూపూ గుంటూరాయన మీద పడింది. మా బెంచీ మొత్తానికి ఓటున్న కొడుకు ఆయనకే ఉన్నాడు. కిందటేడే పౌరసత్వం వచ్చింది. రాత్రి ఏం చేశాడని అడిగాం.

“ఏం చేస్తాడండీ! పొద్దున్నే ఓటేసొచ్చి, చొక్కాకి స్టిక్కరు అంటించుకుని, రాత్రి తొమ్మిదింటికి గుర్రు పెట్టాడు. ఎవరికేశావురా అంటే నవ్వాడు. నేను, వాళ్లమ్మ, వాడి అత్తామామలు, అందరం హాల్లో టీవీ ముందు. వాడొక్కడే మంచం మీద!”

అంతా అక్కడే ఉందనిపించింది నాకు. బస్సు తోలేవాడికి భయముండదు, వెనక సీట్లో రాడ్డు పట్టుకున్నవాడే మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటాడు. వాడి కాలి కింద బ్రేకు లేదు, అందుకే మరీ గట్టిగా తొక్కుతాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ వాకిట్లో కూర్చుని ఉంది. హారిస్ బోర్డు లేదు. మా ఆవిడకి తెలిసిన ఓదార్పు ఒక్కటే, పులిహోర. అప్పటికే గిన్నెతో ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. కారం వల్లో మరి దేనివల్లో గానీ ఆవిడ కళ్లు తుడుచుకుని, నిన్నటి ప్రార్థనలో ఏం అడిగారని నన్ను అడిగింది. కళ్లూ చెవులూ చల్లగా ఉండాలని అడుగుతామని చెప్పాను.

“కళ్లు సరే,” అంది ఆవిడ. “చెవులు నాలుగేళ్లపాటు పనిచేయకపోయినా నాకు ఫరవాలేదు.”

అంతలో అటు నుంచి రొద. ఎర్రటోపీ ఆయన ఆకులు ఊదే మిషను భుజానికి తగిలించుకుని దిగాడు. గెలిచినవాడి దర్జా ఏమన్నా ఉంటుందేమోనని చూశాను. నిజానికి ఆయన దర్జాకి కారణముంది. 1988 తర్వాత మా బక్స్ కౌంటీలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి నెగ్గడం ఇదే మొదటిసారి, అదీ మన పంచాయతీ ఎన్నికలా కొద్ది వందల తేడాతో. దర్జా ఏమీ లేదు. నన్ను చూసి మిషను ఆపి, “గుడ్లు ఎప్పుడు దిగుతాయంటావ్?” అన్నాడు. ఆయనా గెలుపుని డజన్లలోనే కొలుస్తున్నాడు. మళ్లీ మిషను పెట్టాడు. గాలి ఇటు తిరిగింది. ఆకులన్నీ లేచి ఆవిడ గడ్డిలో పడ్డాయి.

ఆవిడ లేచింది. పులిహోర గిన్నె మా ఆవిడ చేతికిచ్చి, గోడదాకా వెళ్లి, రాత్రి నుంచీ లోపల అదిమిపెట్టుకున్నదంతా ఆకుల మీద పెట్టి దులిపేసింది. ఆయన టోపీ తీసి, బుర్ర గోక్కుని, చీపురులాంటి పార తెచ్చుకుని ఆకులు లాగడం మొదలెట్టాడు. అధ్యక్షుడు నాలుగేళ్లకోసారి, ఆకులు ఏడాదికోసారి. ఏది ముఖ్యమో వాళ్లకి తెలుసు.

ఇందాక మా గడప నుంచి సున్నా ఓట్లని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. సోమవారం నాడు మనవడి బళ్లో పిల్లలకి ఉత్తుత్తి ఎన్నిక పెట్టారు. అట్టపెట్టె, చీటీలు, చాటుకి ఓ తెర. వాడు చొక్కాకి ‘నేను ఓటేశాను’ అన్న స్టిక్కరుతో వచ్చాడు. మన దగ్గర వేలికి సిరా, ఇక్కడ చొక్కాకి స్టిక్కరు. సిరా నయం, ఉతికినా పోదు.

బుధవారం సాయంత్రం, మాలో ఓటేసినవాడు వాడొక్కడే అని అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. చుట్టూ చేరాం. ఎవరికేశావని వాళ్ల నాన్న అడిగారు. చెప్పలేదు. వాళ్లమ్మ ఐపాడ్ ఇంకో గంట ఇస్తానంది. చెప్పలేదు. బావమరిది తణుకు నుంచి వీడియోలో, “మన అమ్మాయి పార్టీకేనా బాబూ?” అన్నాడు. తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. నేను జంతికల డబ్బా మూత తీశాను.

“సీక్రెట్ బ్యాలెట్, తాతయ్యా,” అన్నాడు, జంతిక తీసుకుని మరీ. “టీచర్ ఎవ్వరికీ చెప్పొద్దన్నారు.”

“అమ్మానాన్నలకి కూడా చెప్పకూడదేంట్రా?” అన్నాను. “మనం మనం ఒకటి కదా!”

వాడు జంతిక నమిలి మింగి, నా మొహంలోకి చూశాడు. “మీరు కూడా మేలో ఓటేసే వచ్చారు కదా? అమ్మమ్మకి చెప్పావా, ఎవరికి వేశావో?”

మే 13న తణుకులో ఎండలో గంటన్నర వరుసలో నిలబడి ఓటేసి, ఆ సిరా పూర్తిగా పోకముందే విమానం ఎక్కాం. చెప్పాను. ఇంటికి నడిచొచ్చేటప్పుడు అడిగితే ఆవిడకి ఒక పేరు చెప్పాను. నేను చెప్పిన పేరూ, నొక్కిన మీటా ఒకటేనా అన్న సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ కూడా ఆ రోజు నాకొక పేరు చెప్పింది. ఇప్పుడు మాత్రం జంతికల డబ్బాకి మూత చాలా శ్రద్ధగా బిగిస్తోంది.